క్రొత్త కారునకు గావలసిన సొమ్ములు

క్రొత్త వాహన మింటికి వచ్చిన దినము మనవారికి పండుగదినము. ఎడ్లబండి వచ్చినను, సైకిలు వచ్చినను, మోటారుకారు వచ్చినను పసుపు కుంకుమ లుంచి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించి, హారతి యిచ్చి గాని దానిని వీధిలోనికి నడపము. ఇది మూఢత్వమని నవ్వువారు కలరు గాని నాకట్లు తోచదు. ఆ పూజయం దొక భయమును ఒక ప్రార్థనయు గలవు. “ఈ వస్తువు మావారిని క్షేమముగా నింటికి జేర్చుగాక” యనుటయే దాని భావము. ఐతే పూజ ముగిసిన వెనుక మనము చేయు పని యేమి? ఆ వాహనమునకు తొడుగులు తొడుగుదుము, మెఱుగులు పెట్టింతుము, లోపల బొమ్మలు వ్రేలాడదీయుదుము. ఇంటికి జేరవలసిన మనుష్యుల సంగతి మఱచి, జేర్చెడి వస్తువు సంగతియే తలపోయుచుందుము. నేనట్లు మఱచినదానను. అందువలననే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా రెండవ కుమార్తె అమెరికాదేశమున మిచిగన్ రాష్ట్రములో, డిట్రాయిట్ నగరసమీపమున, ఇంజనీరుగా నుద్యోగము చేయుచున్నది. 1908 వ సంవత్సరమున ఫోర్డువారి ‘మోడల్ టి’ కారు పుట్టినది ఆ నగరముననే. నేటికిని ఆ ప్రాంతము మోటారుకార్లకు బుట్టినిల్లు. మన తెలుగువారనేకులు ఆ పరిశ్రమలో బనిచేయుచు నచ్చట గాపురము లున్నారు. మా అమ్మాయి చదువుకొఱకు బ్యాంకులో జేసిన యప్పును ఏడేండ్లు కూడబెట్టి తీర్చినది. తీర్చిన తరువాత చిన్ననాటినుండి తన మనస్సులో నున్న కోరిక యొకటి బయటపెట్టినది. చురుకైన నడకయు చక్కని సొగసును గల చిన్న స్పోర్ట్సు కారు నొకదానిని గొనవలెనట! వాళ్ల నాన్నగారు “రెండే సీట్లా? మేమిద్దరమును వచ్చిన నెక్కడ గూర్చుందుము?” అని నవ్విరి. నేను మాత్రము “అది దాని కష్టార్జితము, అది దాని ముచ్చట, అడ్డు చెప్పకుడు” అంటిని. ఆ యేడు సెప్టెంబరు నెలలో నేను దానియొద్దకు బోయి యుండగనే ఆ కారును గొనుట జరిగినది.

అది జపానుదేశపు మజ్దావారి ఎం.ఎక్స్.-5. అమెరికాలో దానిని ‘మియాటా’ యందురు. 1989 ఫిబ్రవరిలో చికాగో నగరపు మోటారు ప్రదర్శనమున దానిని మొదట లోకమునకు జూపిరి. 2016 ఏప్రిలు నాటికి పదిలక్షల కార్లు తయారైనవి. రెండు సీట్ల స్పోర్ట్సు కార్లలో నింత విరివిగా నమ్ముడుపోయినది మఱియొకటి లేదు. నాల్గవ తరమునకు జెందిన యీ కారు బరువు సుమారు 1,060 కిలోగ్రాములు మాత్రమే. పైకప్పు గుడ్డది. చేతితో వెనుకకు మడిచినచో నాకాశమే కప్పు. సామానుల యర సుమారు 130 లీటర్లు. రెండు చిన్న పెట్టెలు పట్టిన నదియే యెక్కువ. అదనపు చక్ర మసలే లేదు. ఈ కారు మనదేశమున నమ్ముట లేదు. ఐనను దానిమూలమున నేను నేర్చిన పాఠములు ఏ కారునకైనను జెల్లును గావున మీకు జెప్పుచున్నాను.

కారు వెల కుదిరిన పిమ్మట అమ్మకపుశాలలో మమ్మొక చిన్న గదిలోనికి దీసికొనిపోయిరి. అచ్చట నొక పెద్దమనిషి మేజాపై నొక కాగితము పఱచి, “కారును గొంటిరి, ఇక దానిని గాపాడుకొనవలదా?” యని మొదలుపెట్టెను. ముందుభాగమునకు ఱాళ్లు తగులకుండ పారదర్శకమైన పొర యంటించుటకు 1,800 డాలర్లు. రంగుపై గాజువంటి పూత పూయుటకు 1,200. సీట్లపై మరకలు పడకుండ మందు చల్లుటకు 400. అద్దములపై కారు సంఖ్యను జెక్కుటకు 250. టైర్లలో నైట్రోజను వాయువు నింపుటకు 200. మనము పీల్చెడి గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను గలదను సంగతి యాయన చెప్పలేదు. అప్పటికి మాకును దోచలేదు.

మా అమ్మాయి తనకడ మూడువేల డాలర్లు మిగిలియున్నవనియు, వానిలో సుమారు తొమ్మిదివందలు పెట్టి చలికాలపు టైర్లు కొనుమని కార్యాలయములోని స్నేహితురాలు చెప్పినదనియు నాతో మెల్లగా ననినది. “అమ్మా, ఈ కారుతో వచ్చినవి వేసవి టైర్లు. చలిలో పనికిరావట” యనెను. నేనా కిటికీలోనుండి చూచితిని. బయట నెండ కాయుచున్నది. చెట్ల యాకు లింకను పండనైనను లేదు. ఎదుట నెఱ్ఱని కారు పెండ్లికూతురువలె మెఱయుచున్నది. దానిపై నొక గులకఱాయి తగిలి రంగు లేచునని తలచుకొనగనే నా ప్రాణము చివుక్కుమనెను. “మంచు డిసెంబరులో గదా పడును? అప్పుడు చూచుకొనవచ్చును. ఏనుగును గొని యంకుశమునకు బేరమాడుదురా? ముందు దీనికి దిష్టి తగులకుండ జూడుము” అంటిని. అది మాఱుమాట యనక పొరకును పూతకును నెదురుగా గీతలు గీసి సంతకము చేసినది. మూడువేలును జెల్లిపోయెను. ఆ గీతలు గీసినది దాని చేయియే గాని గీయించినదానను నేను.

నవంబరు రెండవ వారములో నొకనాటి యుదయము. మంచు పడలేదు. పచ్చిక మీద మాత్రము ఉప్పు చల్లినట్లు తెల్లని పొడి గలదు. అది పనికి బోవుచు నన్ను దేవాలయమువద్ద దింపుదునని కూర్చుండబెట్టుకొనెను. వారి వీధి చివర కొంచెము పల్లము. పల్లపు మొదట నాలుగు వీధుల కూడలి. వేగమేమియు లేదు. కూడలి కల్లంత దూరముననే అది బ్రేకుపై గాలు వేసినది. కారు ఆగలేదు. క్రింద గడగడమను చప్పుడు. చక్రములు తిరుగక జాఱుచున్నవి. మా అమ్మాయి రెండుచేతులతోను చక్రమును బిగబట్టి “అమ్మా” యని మాత్రమనినది. కుడిప్రక్కనుండి బడిపిల్లల పసుపుపచ్చని బస్సు వచ్చుచున్నది. దానిని నడపుచున్న యామె మమ్ము జూచి ముందే యాగినది గావున సరిపోయెను. మేము ఆగవలసిన గీతను దాటి రెండుబారలు పోయి నడివీధిలో నిలిచితిమి. బస్సుకిటికీలలోనుండి పసివాండ్రు మావంక జూచుచుండిరి. వారి ముఖము లిప్పటికిని నా కన్నులకు గట్టినట్లున్నవి.

ఎవరికిని గాయము కాలేదు. ఇంటికి మరలివచ్చి యది కారు చుట్టును దిరిగి చూచినది. తరువాత నాతో “అమ్మా, పొరమీద నొక్క గీతయు లేదు” అనినది. దెప్పుటకు గాదు, ఊరకయే యనినది. ఆ మాట నాకు దెబ్బకంటె నెక్కువగా దగిలినది. ఆ దినము కొనిన యంకుశమేది, కొనక మానిన యంకుశమేది యని నా కప్పుడు తెలిసినది.

ఆ రాత్రినుండి మేమిద్దరమును గూర్చుండి, కారుతో వచ్చిన పుస్తకమును, తెలిసినవారు చెప్పిన సంగతులను ముందు పెట్టుకొని, సొమ్ములన్నిటిని నాలుగు తెగలుగా విభజించితిమి. ప్రాణమును గాచునవి మొదటి తెగ. కారు మేనిని గాచునవి రెండవది. డబ్బును గాచునవి మూడవది. కేవలము ముచ్చటకైనవి నాల్గవది. ఏ కారు కొన్నవారైనను ఈ వరుసనే డబ్బు వెచ్చింపవలెనని నా మనవి.

మొదటి తెగలో మొదటి సొమ్ము టైర్లు. ఎంతటి కారైనను నేలను దాకుచోటు టైరునకు సుమారొక యరచేయి యంత. నాలుగు టైర్లకు నాలుగరచేతులు. ఇంజను బలమును, బ్రేకుల బలమును ఆ నాలుగరచేతులమీదనే యాధారపడి యున్నవి. వేసవి టైరులోని రబ్బరు వెచ్చని నేలను జక్కగా బట్టును గాని, వేడిమి సుమారు 7 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగినచో, చలికి నేయి పేరుకొన్నట్లు బిరుసెక్కును. మంచు పడనక్కఱలేదు, చలియే చాలును. చలికాలపు టైరులోని రబ్బరు చలియందును మెత్తగా నుండును. దానిపై సన్నని చీలికలు పెక్కులుండి మంచును గఱచి పట్టుకొనును. మూడు శిఖరముల కొండయు, దానిలో మంచుపువ్వును గల గుర్తు టైరుప్రక్కన నున్నదో లేదో చూచి కొనవలెను. రెండు మాత్రము మార్చిన జాలదు, నాలుగును మార్చవలెను. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 నుండి మార్చి 15 వఱకు నిట్టి టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. మిచిగనులో నట్టి శాసనము లేదు. శాసనము లేనిచోట దెలివియే శాసనము కావలెను.

మనదేశమున మంచు బాధ లేకపోయినను టైరు సంగతి మఱువరాదు. మనకు శత్రువు వాననీరు. టైరుగాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దగ్గినచో నది చట్టమునకును విరుద్ధము, ప్రాణమునకును ముప్పు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. మొదటి రెండును వారమును, తక్కిన రెండును సంవత్సరమును దెలుపును. 2324 అని యున్నచో నది 2024 వ సంవత్సరమున 23వ వారములో దయారైనదని యర్థము. కారు క్రొత్తదైనను టైర్లు పాతవి కావచ్చును. కొనుదినముననే చదివి చూచుకొనుడు. గాలి యెంత యుంచవలెనో సాధారణముగా నడపువారి తలుపు తెఱచినప్పుడు కనబడు చీటిమీద నుండును. చక్రములు చల్లగా నున్నప్పుడే దానిని గొలువవలెను. అదనపు చక్రము లేని కార్లలో, పంక్చరు పడినప్పుడు టైరులోనికి బంపెడి జిగురుమందును చిన్న గాలిపంపును ఇత్తురు. ఆ మందునకు గడువు కలదు. గడువు తీఱిన మందు పెట్టెలో నున్నను లేనట్లే. రాత్రివేళ నొంటరిగా నడపు స్త్రీలు దీనిని మఱి మఱి చూచుకొనవలెను.

రెండవది కాళ్లక్రింది పఱపు. ఇది చిన్న సంగతి యని తలపకుడు. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో నొక కుటుంబమువారు నలుగురు కారు ప్రమాదమున మరణించిరి. వేఱొక కారునకు జేసిన రబ్బరు పఱపు ఆ కారులో వేయబడి యుండెను. వేగము పెంచెడి పెడలు దానిలో జిక్కుకొని పైకి లేవలేదు. పఱపులు పెడలునకు జిక్కుకొను భయముచే ఆ సెప్టెంబరులో అమెరికాయందు సుమారు 38 లక్షల కార్లను వెనుకకు బిలువవలసి వచ్చినది. కావున పఱపు ఆ కారునకే చేసినదై యుండవలెను. నేలనున్న కొక్కెములకు దగిలించి యుండవలెను. పాతదాని మీద క్రొత్తదానిని బఱవరాదు. మన యిండ్లలో మురికి యంటునని ఒకదానిపై నొకటి వేయు నలవాటు కలదు, అది మానుడు.

మూడవది గాలిసంచుల సంగతి. ఢీకొన్నప్పుడు అవి కనుఱెప్పపాటుకంటె దక్కువ కాలములో నుబికి మనుష్యుని గాచును. వాని దారికి మన మడ్డు పెట్టరాదు. పెక్కు కార్లలో ప్రక్కసంచి సీటులోనే కుట్టబడి యుండును. అట్టిదానిపై సంతలో గొన్న తొడుగు బిగించినచో సంచి వెలువడవలసిన చోట చిక్కువడును. తొడుగు కావలెనన్న, ప్రక్కన విడిపోవునట్లు ఆ కారునకే కుట్టినదానిని గొనుడు. ఎదుటి పలకమీద విగ్రహములు, సీసాలు అంటింతుము. గాలిసంచి యెగసినప్పుడు అవి తుపాకిగుండ్లవలె ముఖమునకు వచ్చును. మా అమ్మాయి కారులో వినాయకుని బొమ్మను నేనే అంటించితిని. దానిని దీసి సామానుల గూటిలో జిన్న గుడ్డలో చుట్టి యుంచితిమి. స్వామి యెచ్చట నున్నను స్వామియే గదా!

పొట్టిగా నుండు స్త్రీలు చక్రమునకు మిక్కిలి దగ్గఱగా జరిగి కూర్చుందురు. చక్రపు నడిమికిని ఱొమ్మునకును కనీసము 25 సెంటిమీటర్ల యెడముండవలెను. అందుకు సీటును జరుపుకొనుడు, చక్రమును దించుకొనుడు. అంతేకాని వెనుక మెత్తలు పెట్టి బెల్టును వదులు చేయకుడు. ఇక రెండు సీట్ల కార్లలో జిన్నపిల్లల సంగతి యింకను గట్టిది. వెనుకకు మొగమైయుండు శిశువు సీటును, పనిచేయు గాలిసంచి యెదుట నెన్నడును బెట్టరాదు. పండ్రెండేండ్ల లోపలి పిల్లలకు వెనుకసీటే క్షేమకరమైన చోటు. ఆ వెనుకసీటు లేని కారు పసిబిడ్డలున్న యింటికి రెండవ కారుగా దగునేమో గాని మొదటిదిగా దగదు.

పైకప్పు తెఱచిన కారులో గూర్చుండు సోదరీమణులు ఇంకొక సంగతి మఱువరాదు. ఇసడోరా డంకన్ అను ప్రఖ్యాత నర్తకి 1927 సెప్టెంబరు 14 వ తేదీన ఫ్రాన్సులోని నీస్ నగరమున తెఱచిన కారులో బోవుచు, మెడనున్న పొడుగాటి ఉత్తరీయము వెనుక చక్రమున జుట్టుకొని మరణించినది. మన పైటకొంగులును, చున్నీలును ఆమె ఉత్తరీయమువంటివే. కారైనను, మోటారుసైకిలైనను కొంగు దోపుకొని, చున్నీ ముడివేసికొని కూర్చుండుడు. దీనికి ఖర్చేమియు లేదు.

ఇక రెండవ తెగ, కారు మేనిని గాచునవి. కారుపై రంగు పొరలన్నియు గలిపి సుమారు పదవవంతు మిల్లీమీటరు మందముండును. పైని మెఱుగుపొర దానిలో సగమునకు దక్కువ. ముందు బండ్ల చక్రములనుండి యెగయు ఱాళ్లు దానిని లేపివేయును. స్పోర్ట్సు కారు నేల కానుకొని పోవును గావున ఱాళ్ల దెబ్బలు మఱింత యెక్కువ. దానికి నిజముగా బనిచేయునది పాలియురిథేను పొర. వియత్నాము యుద్ధకాలమున హెలికాప్టరుల ఱెక్కలను ఇసుకనుండి గాపాడుటకు వాడిన పొరలనుండి యిది వచ్చినది. దీని మందము సుమారు 200 మైక్రానులు. అనగా రంగుకంటె మందము. మంచిరకములు చిన్న గీతలను ఎండవేడికి దమంతట దామే మాన్పుకొనును. కారంతయు నంటింప నక్కఱలేదు. ఎదుటి భాగము, దీపములు, ప్రక్కయద్దముల వీపులు, వెనుకచక్రముల ముందుచోటు - ఇవి చాలును. అంటించువారి చేతిపని చూచి కొనవలెను. అంచులు లేచిన పొర మురికిని బట్టి వికారముగా నుండును.

గాజువంటి పూత వేఱు. దానిలో సిలికా యుండును. దాని మందము మిగుల స్వల్పము. నీరు ముత్యములవలె జాఱిపోవును, కడుగుట సులభమగును, మెఱుపు నిలుచును. ఱాళ్లను మాత్రము ఆపదు. ఈ రెండును ఒకటే యని నమ్మి మేము పన్నెండువందలు వెచ్చించితిమి. చేతితో బూసికొను మంచి మైనమును ఏటికి నాలుగుసారులు పూసిన నాపని కొంతవఱకు జరుగును. పక్షి రెట్టయు, చెట్టు జిగురును రంగును దినును. కనబడినంతనే తడిగుడ్డతో నానబెట్టి తీయవలెను, పొడిగా రుద్దరాదు. కప్పెడి ముసుగు గాలి యాడునదై యుండవలెను. దుమ్ముతో నున్న కారుపై ముసుగు వేసినచో అది గాలికి గదలి గీతలు పెట్టును. కడిగి యారిన తరువాతనే కప్పుడు.

గుడ్డ కప్పు గల కారునకు మెత్తని కుంచెయు కొద్ది సబ్బునీరును మేలు. తడిసిన కప్పును మడిచి యుంచిన బూజు పట్టును. కప్పు ప్రక్కల నీరు పోవుటకు సన్నని తూములుండును. వానిలో నాకులు చేరినచో నీరు లోపలికి వచ్చి సీట్లక్రింద నిలుచును. మన మేడమీది తూములను వానకు ముందు శుభ్రము చేయించినట్లే వీనిని జూచుకొనవలెను. చలిదేశములలో వీధులపై నుప్పు చల్లుదురు. అది కారు కడుపున నంటి ఇనుమును దినును గావున క్రిందిభాగమును దఱచుగా గడిగింపవలెను. మన సముద్రతీరపు పట్టణములలో నుప్పుగాలి తగులు కార్లకును ఇదియే మందు.

మూడవ తెగ డబ్బును గాచునవి. మనదేశమున 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారునకు మూడేండ్ల మూడవపక్షపు బీమా తప్పనిసరి. అది యితరులకు జేసిన నష్టమునకే గాని మన కారు నష్టమునకు గాదు. మన నష్టమునకు వేఱుగా బీమా తీసికొని యేటేట మఱువక మార్చుకొనవలెను. సాధారణపు బీమాలో ప్లాస్టికు, రబ్బరు భాగముల వెలలో సగము తఱుగుగా గోసివేయుదురు. తఱుగు లేని బీమాను అదనముగా గొన్నచో నా కోత యుండదు. మీరు క్రొత్తగా బెట్టించిన సొమ్ములను బీమా పత్రములో జెప్పి వ్రాయింపుడు. వ్రాయింపని సొమ్మునకు డబ్బు రాదు. తాకకయే తెఱచుకొను తాళముగల కార్లను, ఆ తాళపుచెవి పంపెడి సంకేతమును దూరమునుండి పట్టి దొంగిలించువారున్నారు. ఇంటిలో తాళపుచెవిని లోహపుపొర గల చిన్న సంచిలో నుంచిన నది తప్పును. ఇట్టి సంచి వెల స్వల్పము.

నాల్గవ తెగ ముచ్చటకైనవి. డబ్బు మిగిలినచో వీనిని గొనుటలో దప్పు లేదు. మనిషికి సొగసు కావలెను. ఐతే చట్టము నెఱిగి చేయవలెను. మనదేశమున కారుటద్దములనుండి వెలుతురు ముందు వెనుకల నూటికి 70 పాళ్లును, ప్రక్కల 50 పాళ్లును లోపలికి రావలెను. నల్లని పొరల నంటించుటను సుప్రీముకోర్టువారు 2012 ఏప్రిలులో నిషేధించిరి. ముందు వెనుకల బిగించు ఇనుపకడ్డీలను దీయింపవలసినదని కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. అవి బలమైన రక్షణవలె గనబడును గాని, తాకిడిని దామే మ్రింగుటకు జేసిన భాగములను బనిచేయనీయవు; గాలిసంచులు సమయమున కుబుకకుండ జేయవచ్చును; అడ్డుపడిన పాదచారిని మఱింత గాయపఱచును. రక్షణ యని పేరు పెట్టినంతమాత్రమున నన్నియు రక్షణలు కావు.

మేమేమి చేసితిమో చెప్పి ముగింతును. బస్సు సంగతి జరిగిన మూడవనాడు నేను తిరుగుప్రయాణమున వస్తువులు కొనుటకని దాచుకొన్న డాలర్లను మా అమ్మాయి చేతిలో బెట్టితిని. “వద్దమ్మా, జీతము వచ్చిన తరువాత గొందును” అనినది. “ఆ గీత గీయించినదానను నేను. ఈ ఋణము నన్ను దీర్చుకొననిమ్ము తల్లీ” అంటిని. అప్పుడు పుచ్చుకొనినది. నాలుగు నల్లని టైర్లు వచ్చినవి. వానిలో మెఱుపు లేదు, సొగసు లేదు. వానికి నేను కుంకుమబొట్లు పెట్టితిని. టైర్లు బిగించువాడు వింతగా జూచెను; మా అమ్మాయి యేదో చెప్పగా నవ్వి తల యూపెను.

డిసెంబరులో మంచు పడినది. అదే పల్లమున అదే కూడలివద్ద కారు గీతకు ముందే యాగినది. మాయెదుటనే ఆ పసుపుపచ్చని బస్సు నెమ్మదిగా దాటిపోయినది. మేమిద్దరమును మాటాడలేదు. మా అమ్మాయి చేయి వచ్చి నా చేతిమీద బడినది.

కావున సోదరీమణులారా! మీ యింటికి క్రొత్త కారు వచ్చినప్పుడు అమ్మువారు కాగితము పఱచి “దీనిని గాపాడుకొనవలదా?” యని యడుగుదురు. అప్పుడు మీరొక్క ప్రశ్న వేసికొనుడు: ఈ సొమ్ము కారును గాచునా, కారులోని వారిని, కారునకు ఎదురుపడువారిని గాచునా? రెండవదానికే ముందు డబ్బు తీయుడు. రంగు లేచినచో మరల వేయించుకొనవచ్చును.